గంట ఎవరు కొట్టినట్టు?

జనవరి 6

బావా,

క్షేమ సమాచారాలు చివర్లో అడుగుతాను, కాగితం మిగిలితే. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. పోయినసారి ఫోన్లో నేను రెండు ముక్కలు చెప్పేలోపు నువ్వు నాలుగు తిట్టి పెట్టేశావు. ఉత్తరమైతే ఆ వీలు లేదు. చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

ముందు శుభవార్త. మన పాత వంతెనకి మళ్ళీ రోజులొచ్చాయి. ఎగువన కొత్త వంతెన తెరవగానే దీనిమీద బస్సులు, లారీలు ఆపేశారు. మొదటి వారం చుట్టాలంతా వెళ్ళిపోయిన ఇల్లులా బోసిగా ఉంది. ఇంక కూల్చేస్తారనుకున్నాను. రెండో వారం ఎవరో ఒకాయన ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని, నడిరోడ్డు మీద వేసుకుని పేపరు చదివాడు. ఎవరూ ఏమీ అనలేదు. మూడో వారానికి అక్కడ నాలుగు చదరంగం బల్లలు వెలిశాయి. ఇప్పుడు పొద్దున నడిచేవాళ్ళు, సాయంత్రం సైకిలు నేర్చుకునే పిల్లలు, వాళ్ళ వెనక సీటు పట్టుకుని ఆయాసపడే తండ్రులు. మా నాన్న చిన్నతనంలో ఈ వంతెన మీద సరుకు రైలు ఒక్కటే నడిచేదట, మనిషి కాలు పెడితే జరిమానా. తర్వాత పట్టాలు పీకి బస్సులకిచ్చారు. మన రోజుల్లో లారీల కింద నలిగింది. ఇన్నాళ్ళకి మనుషులకి దక్కింది.

అసలు సంగతి రెక్కలది. నీకు తెలిసిందే మళ్ళీ రాస్తున్నానని విసుక్కోకు, ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు, వంతెన చూడ్డానికి కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మాయి కూడా చదువుతుంది. వంతెన నడుమ భాగం రెండు రెక్కలు. పడమటి రెక్క నీది, తూర్పు రెక్క నాది. రోడ్డు కింద స్తంభాల్లో కట్టిన మిషను గదుల్లో, నీటి వైపు కిటికీ పెట్టుకుని, చెరో గట్టున ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నాం. పడవ వస్తే రెండు రెక్కలూ ఒక్కసారి లేపేవాళ్ళం. అవి కలిసేచోట ఒకదాని ఇనప పళ్ళు ఇంకోదాని సందుల్లో, రెండు చేతుల వేళ్ళు కలిపినట్టు కూర్చుంటాయి. ఒకటి ముందు లేచిందా, పళ్ళు విరుగుతాయి. పడవలు మానేసి పన్నెండేళ్ళయింది, మన రెక్కలు అప్పట్నుంచీ కదల్లేదు.

ఇప్పుడు షికారు పడవలు వేస్తారట. మార్చి 14న పరీక్ష. రెక్కలు కలిసి లేచి కలిసి దిగితే ఉంచుతారు. లేకపోతే వెల్డింగు చేసి ఎప్పటికీ కదలకుండా బిగించేస్తారు. వెల్డింగు మేస్త్రీ అప్పుడే వచ్చి కొలతలు తీసుకుపోయాడు. నేను బతికుండగానే నా చేతులు కట్టేస్తున్నట్టుంది బావా. అబద్ధం ఎందుకు, ఆ రాత్రి అన్నం సయించలేదు.

మన పని ఏ కాగితం మీదా లేదని తెలిసి ఇంజనీరమ్మాయి తల పట్టుకుంది. ఎవరి వైపు పని వాళ్ళు రాసిమ్మంది. నాది రాసిచ్చాను. నీది నువ్వు వెంటనే రాసి పంపు. మనుషులు చదవగలిగే చేతిరాతలో.

అక్కని అడిగానని చెప్పు. కాగితం అయిపోయింది, నీ క్షేమం వచ్చే ఉత్తరంలో.

నీ తూర్పు దిక్కు,
బావమరిది

—

జనవరి 15

ఒరేయ్ తూర్పు దిక్కూ,

నీ ఉత్తరం మంచం మీద చదివాను, ఎందుకంటే మంచం దిగలేను. బల్బు మారుద్దామని నిచ్చెన ఎక్కాను. వందల బండ్ల ఇనుముని లేపి దించినవాణ్ణి, అయిదు మెట్ల నిచ్చెన మీంచి పడ్డాను. కుడికాలికి కట్టు, రెండు నెలలకి తక్కువ లేదన్నారు. నవ్వితే నవ్వు. మీ అక్క నవ్వింది. ముందు డాక్టరుకి ఫోన్ చేసింది, ఆ తర్వాత నవ్వింది.

కాబట్టి మార్చిలో నేను రాలేను. నా బదులు ఆ అమ్మాయినే పడమటి గదిలో కూర్చోబెట్టు. ఈ కాగితం ఆమె చేతిలో పెట్టు. జాగ్రత్తగా రాశాను.

పడమటి రెక్క విధానం. ముందు బ్రేకు పిడికి నూనె పెట్టాలి. చక్రాన్ని ఎడమకి రెండు చుట్లు వదలాలి. పైన రోడ్డుకి అడ్డంగా గేట్లు పడిన చప్పుడయ్యాక తూర్పు నుంచి మా బావమరిది మొదటి గంట కొడతాడు. అప్పుడు గొలుసు బిగించాలి, బిగించి ఆగాలి. రెండో గంట కొడతాడు. అప్పుడు లేపాలి. గంట కొట్టకుండా పిడి మీద చెయ్యి వేయకూడదు, పైన మేఘం విరిగిపడుతున్నా సరే. దించేటప్పుడూ అంతే, మళ్ళీ రెండు గంటలు. పడమటి రెక్క ఏనాడూ గంటకి ముందు కదల్లేదు, వెనక పడలేదు. తూర్పు రెక్క సంగతి నేను రాయను, దాని యజమానికే తెలుసు.

ఒక్క మాట. ఎదురుగా ఉంటే అనేవాణ్ణి కాదు. నీ గంట మంచి గంటరా. ఎప్పుడు కొట్టాలో సరిగ్గా అప్పుడే కొట్టేవాడివి. కొన్నాళ్ళు వెంటనే, కొన్నాళ్ళు బాగా ఆగి. ఎందుకు ఆగుతున్నావో నాకు తెలిసేది కాదు. ఆగిన రోజే రెక్క వెన్నలా లేచేది. మిగతా అన్ని విషయాల్లో నువ్వు పనికిమాలినవాడివే గానీ గంట దగ్గర మాత్రం నీకు దణ్ణం పెట్టాలి.

మీ అక్క అడగమంటోంది: గేటు కీళ్ళకి నూనె వేశారా అని. రెక్కలు లేస్తాయో లేదో అని మనం ఏడుస్తుంటే ఈవిడకి గేటు కీళ్ళ గోల.

మంచం పట్టిన పడమర,
బావ

—

జనవరి 24

బావా,

కాలు సంగతి చదివి ముందు అయ్యో అన్నాను, తర్వాత నవ్వాను. అక్కదీ నాదీ ఒకే రక్తం కదా.

కానీ ఇక్కడ నవ్వులాట కాదు. ఇంజనీరమ్మాయి మన రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుంది. చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివింది.

"పెద్దాయనా, చిన్న సందేహం. మీరేమో 'మా బావ గంట కొట్టగానే' అని రాశారు. ఆయనేమో 'మా బావమరిది గంట కొట్టగానే' అని రాశారు. మరి గంట ఎవరు కొట్టినట్టు?"

"మా బావే. ఆయనకి కాస్త వేళాకోళం ఎక్కువ, పట్టించుకోకమ్మా," అన్నాను.

బావా, ఈ వయసులో ఇదేం సరదా? గంట తూర్పు గేటు స్తంభానికి ఉంది, నిజమే. దాని తీగలు రెండు గదుల్లోకీ ఉన్నాయి, ఎవరైనా లాగొచ్చు, అదీ నిజమే. కానీ లాగింది నువ్వే. ఎలా తెలుసంటావా? నేను లాగలేదు కాబట్టి.

సరే, ఆ అమ్మాయి ముందు ఎలాగూ పరువు పోయింది, నీ ముందు దాచడమెందుకు. ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలోనే నా వైపు తీగ తెగింది. లాగితే కొస చేతిలోకి వచ్చేసింది. అంతకు ముందురోజే నువ్వు "సామాను అంటే నా గదిలో ఉన్నట్టుండాలి, నీది చూడు చెత్తకుప్ప" అన్నావు. ఇంక నీతో చెబితే జీవితాంతం దెప్పుతావని కొస తీసి మేకుకి కట్టేశాను. మర్నాడు మామూలుగానే గంట మోగింది. బావ కొడుతున్నాడులే, గొడవ వదిలిందనుకున్నాను.

నువ్వేమో నా గంటని మెచ్చుకుంటూ రాశావు. మెచ్చుకోవలసింది నేను. ఎండ రోజు ఒకలా, వాన రోజు ఒకలా ఆగి కొట్టేవాడివి. మా బావకి ఇనుము మనసు తెలుసు అని మా ఆవిడతో ఎన్నిసార్లన్నానో. ఆవిణ్ణే అడుగు.

కాబట్టి వేళాకోళం కట్టిపెట్టి, రెండో గంటకి ఎంతసేపు ఆగాలో రాయి. నిమిషమా, రెండు నిమిషాలా? పరీక్ష గెలవడం దానిమీదే ఉంది.

గేటు కీళ్ళకి నూనె వేయించాను, అక్కకి చెప్పు.

బావమరిది

—

ఫిబ్రవరి 2

ఒరేయ్,

నీ ఉత్తరం చదువుతుంటే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా భుజం మీదికే పోయింది.

నా తీగా తెగింది.

అదే వేసవి. నీకంటే వారం ముందే తెగి ఉంటుంది, ఎందులోనైనా నేనే ముందు కదా. నీ గది చెత్తకుప్పని నిన్ను వెక్కిరించిన నోటితో నా తీగ తెగిందని ఎలా చెప్పను? కొస చుట్టి చక్రం వెనక దోపేశాను. గంట మోగుతూనే ఉంది, నువ్వు మోగిస్తున్నావనుకున్నాను. నీకు గంట మీద కాస్త గర్వం కూడా ఉందేమో, పోనీలే చిన్నవాడు అని ఊరుకున్నాను.

నువ్వు కొట్టలేదు, నేను కొట్టలేదు. మంచం మీద పడుకుని ఇంటి కప్పు చూస్తూ ఈ నాలుగు రోజులూ ఆలోచించాను. గాలికి మోగిందా? రోజూ పదకొండింటికీ నాలుగింటికీ సరిగ్గా గాలి వీచిందా? పడవవాళ్ళు రాళ్ళేసి కొట్టారా? ఒకటి మాత్రం గుర్తొచ్చింది. మా అమ్మాయి పుట్టిన ఏడు రెండు నెలలు గంట మోగలేదు. నీకు ఏదో అలక వచ్చిందనుకుని నేనూ బిగదీసుక్కూర్చున్నాను. నువ్వూ అలాగే కూర్చుని ఉంటావు. పడవలన్నీ ఆగిపోతే ఇద్దరం వేర్వేరుగా పైఆఫీసుకి 'రిపేరు' అని రాశాం. ఏం రిపేరో ఎవరూ అడగలేదు. అమ్మాయికి మూడో నెల రాగానే గంట దానంతటదే మోగింది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. నీ ఉత్తరాలు నేను పైకి చదువుతానని నీకు తెలుసు, మీ అక్క వంటింట్లోంచి వింటుంది. ఈసారి కూడా చదివాను. నీ తీగ దగ్గరికి వచ్చేసరికి పకపకా నవ్వింది. నా తీగ కూడా తెగిందని చెబితే గరిటె కింద పెట్టి మరీ నవ్వింది. "అయితే గంట ఎవరు కొట్టినట్టే?" అని అడిగాను. నవ్వు ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. ఇవాళ్టికి నాలుగు రోజులు, నాతో మాట లేదు. వేళకి మందులు, భోజనం మంచం పక్కన ఉంటున్నాయి, మనిషి ఉండటం లేదు.

నేనేం తప్పు చేశానురా? నీ అక్క, నువ్వే కనుక్కో.

బావ

—

ఫిబ్రవరి 6

తమ్ముడూ,

మీ బావ నీకు రాసిన ఉత్తరం నా చేతే పోస్టు చేయించారు. మాట్లాడటం మానేశాను గానీ పోస్టు డబ్బా దాకా నడవడం మానలేదు.

మొదట మీరిద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. అందుకే నవ్వాను. తర్వాత ఆయన మొహం చూస్తే తెలిసింది, నిజంగానే తెలియదు.

గంట కొట్టింది నేనురా.

మీ ఇద్దరికీ క్యారియర్లు తెచ్చేదాన్ని కదా, ముందు పడమటి గదికి, తర్వాత వంతెన దాటి నీకు. గేటు మనిషిని ఎప్పటికీ వేయలేదు కాబట్టి పదకొండింటి పడవకి నేనే పడమటి గేటు వేసి, నడిచొచ్చి తూర్పు గేటు వేసేదాన్ని. సాయంత్రం ఖాళీ క్యారియర్ల కోసం వచ్చినప్పుడు నాలుగింటి పడవకి మళ్ళీ. ఇంతవరకు మీకు తెలుసు. నాకు పెళ్ళయిన మొదటి వేసవిలో ఒకరోజు గేట్లు వేశాను, పడవ వచ్చేసింది, గంట లేదు. పడవవాడు కింద నుంచి అరుస్తున్నాడు. చూస్తే రెండు తీగలూ గాల్లో వేలాడుతున్నాయి. గంట నాలుక చేత్తో పట్టుకుని కొట్టాను. రెక్కలు లేచాయి. మర్నాడూ కొట్టాను. తీగలు ఎవరూ బాగుచేయలేదు. ఓహో, ఈ పని నాకు వదిలేశారన్నమాట, నోరు తెరిచి చెప్పడం మగవాళ్ళకి చేతకాదు కదా అనుకున్నాను.

ఎంతసేపు ఆగాలని అడిగావు. దానికి గడియారం లేదు. మొదటి గంటకి మీరు గొలుసులు బిగిస్తారు. నేను ఒక కాలు కదలని వంతెన మీద ఉంచి, చెప్పు విప్పి రెండో కాలు తూర్పు రెక్క అంచు మీద పెట్టేదాన్ని. నీ గొలుసు బిగిస్తే పాదం కింద జల్లుమంటుంది. ఆయనది బిగిస్తే ఆ వణుకు పళ్ళు దాటి సన్నగా వస్తుంది. ఎండ రోజు ఆయనది ఆలస్యం, వాన రోజు నీది. రెండూ వచ్చి ఆగాక కాలు తీసి రెండో గంట కొట్టాలి. ముందు కొడితే విరుగుతుంది.

నా పురిటికి రెండు నెలలు రాలేదు. మీ 'రిపేరు' అదీ.

మీకు తెలియకపోతే తెలియకపోయింది, దానికి ఏమీ అనుకోను. ఆ రోజుల్లో సాయంత్రం మీరిద్దరూ మా ఇంట్లో కూర్చుని "ఇవాళ మనం భలే లేపాం" అనుకునేవారు. కాఫీ ఇస్తూ నేనూ సంతోషపడేదాన్ని, నన్ను కూడా కలిపి అంటున్నారని. ముప్పై ఒక్క ఏళ్ళు అలా సంతోషపడ్డాను. ఇప్పుడు చూస్తే అందులో నేను లేను.

నేను రాను. మీ వంతెన మీరే లేపుకోండి.

అక్క

—

ఫిబ్రవరి 14

అక్కా,

మూడు కాగితాలు చించాక ఇది రాస్తున్నాను.

నీ ఉత్తరం ఇంజనీరమ్మాయికి చూపించాను. చదువుతూ చదువుతూ లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో తనకే తెలియనట్టుంది, కాసేపాగి మళ్ళీ కూర్చుంది. "పెద్దాయనా, మీరిద్దరూ ముప్పై ఒక్క ఏళ్ళు కింద గదుల్లో ఏం చేశారు?" అంది. క్యారియర్ విప్పి తిన్నాం అని మాత్రం ఖాయంగా చెప్పగలను.

నీ ఉత్తరం ఒక్కరోజు ముందు అంది ఉంటే బాగుండేది. 11వ తేదీన మాకు మేమే రెక్కలు లేపి చూశాం. తూర్పున నేను, పడమట ఆ అమ్మాయి. పైన మునిసిపాలిటీ గుమాస్తా గడియారం చూసి ఈల ఊదాడు. టక్కుమని చప్పుడైంది. మూడు పళ్ళు వంగిపోయాయి. అవి సాగదీసి సరిచేశారు గానీ, ఇంకొక్కసారి ఇలా అయితే సరిచేయడానికి ఏమీ మిగలదని పైవాళ్ళు తేల్చి చెప్పారు. మిగిలింది మార్చి 14 ఒక్కటే. ఆ రోజు వెల్డింగు మేస్త్రీని సామానుతో సహా రమ్మన్నారు.

నువ్వు రాసినట్టే చేసి చూశాను. చెప్పు విప్పి రెక్క అంచు మీద కాలు పెట్టాను, కింద ఆ అమ్మాయి గొలుసు బిగించింది. నాకు చీమ పాకినట్టు కూడా లేదు. పక్కన చదరంగం ఆడే పెద్దాయన "ఏం బాబూ, ముల్లు గుచ్చుకుందా?" అన్నాడు.

నువ్వు ఆ మాట రాశావే, అందులో నేను లేను అని. అక్కా, చాలా సిగ్గుపడ్డాను. పక్కింటివాళ్ళు చేస్తే మూడో రోజుకి కనిపెట్టేవాళ్ళం. అన్నం పెట్టే చెయ్యి కాబట్టి అది ఇంకేం చేస్తోందో చూడలేదు. తప్పు నాది, బావది. పూర్తిగా మాది.

రమ్మని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. వంతెన కోసమో నా కోసమో రానక్కర్లేదు. నువ్వు లేపిన రెక్కల్ని ఒకడొచ్చి వెల్డింగు చేసిపోతే నువ్వు ఊరుకోగలవేమో చూసుకో.

తమ్ముడు

—

మార్చి 3

ఒరేయ్,

మీ అక్క పదో తేదీ పొద్దున బస్సెక్కుతోంది. పదకొండున బస్టాండుకి వెళ్ళు. ఆలస్యం చేశావో, నువ్వూ నేనూ ఇద్దరం అయిపోయామే.

ఎలా ఒప్పుకుందో చెబుతాను, ఇందులో నా గొప్పేమీ లేదు. క్షమించమని నాలుగు రకాలుగా అడిగాను. మంచం మీంచి దిగి అడుగుదామని కట్టు కాలితో లేవబోతే "పడితే ఈసారి డాక్టరుకి మీరే ఫోన్ చేసుకోండి" అని గోడ వైపు తిరిగి చెప్పింది. అది మాట కింద లెక్కో కాదో తెలియలేదు. నీ ఉత్తరం ఆవిడ రెండు వారాలు దిండు కింద పెట్టుకుంది. నిన్న సాయంత్రం ఉన్నట్టుండి నా దగ్గరికొచ్చింది.

"ఆ వంగిన పళ్ళు పడమటివై ఉంటాయి కదూ?"

"నాకెలా తెలుస్తుంది?"

"గొలుసు బిగియకముందే తొందరపడేది ఎప్పుడూ ఆ వైపే."

అంతే. పెట్టె సర్దుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళు పడమటి రెక్క ఏనాడూ గంటకి ముందు కదల్లేదని నీకు రాశాను చూడు, ఆ వాక్యం కొట్టేయి.

మా అమ్మాయి వచ్చి నా దగ్గర ఉంటోంది. నాకేం లోటు లేదు. ఒకటే బాధ, ఆ రోజు నేను అక్కడ ఉండను. చెప్పకు గానీ, మీ అక్క లేకపోతే ఈ ఇల్లు ఎంత పెద్దదో ఇప్పుడే తెలుస్తోంది. ఇంకా బస్సు ఎక్కనే లేదు.

బావ

—

మార్చి 16

ఏమండీ,

మందులు వేసుకుంటున్నారని అమ్మాయి ఫోన్లో చెప్పింది. నమ్మాను. కాలు కిందపెట్టి తిరుగుతున్నారని కూడా చెప్పింది. అదీ నమ్మాను.

మొన్నటి సంగతి తమ్ముడు ఫోన్లో అరిచి అరిచి చెప్పేశాడు గానీ, వాడు చెప్పినదానిలో సగం వాడి ఏడుపే. నేను వరసగా రాస్తాను.

పొద్దున పదింటికే వంతెన రెండు వైపులా జనం. చదరంగం వాళ్ళు బల్లలు ఎత్తి గోడ పక్కన పెట్టి, ఆట మధ్యలో ఆగిందని పావులు ఎక్కడివక్కడ కాగితం మీద రాసుకున్నారు. పిల్లలు సైకిళ్ళతో సహా కటకటాలెక్కారు. ఒక పక్కన పెద్దాఫీసరు, ఆయన పక్కన వెల్డింగు మేస్త్రీ, ఆయన పక్కన ఆయన సామాను. నేను పడమటి గేటు వేసి, అంత వంతెనా ఒక్కదాన్నే నడిచొచ్చి తూర్పు గేటు వేశాను. పన్నెండేళ్ళయింది కదా, నా పాదం మరిచిపోయి ఉంటే ఎలా అని ఒకటే భయం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

మొదటి గంట కొట్టాను. చెప్పు విప్పి కాలు పెట్టాను. తమ్ముడి గొలుసు వెంటనే జల్లుమంది. పడమట ఇంజనీరమ్మాయిది రాలేదు. నిలబడ్డాను. రాలేదు. జనం గుసగుసలు మొదలుపెట్టారు. పెద్దాఫీసరు గడియారం చూసుకుని, "ఏమ్మా, కొట్టండి," అన్నారు. నేను కొట్టలేదు. "ఏమైనా ఇబ్బందా?" అన్నారు. ఆయన్ని నోరు మూసుకోమన్నాను. అవునండీ, అన్నాను. అనేశాక గానీ తెలియలేదు. వెల్డింగు మేస్త్రీ నవ్వాడు.

అప్పుడు వచ్చింది. సన్నగా, దూరం నుంచి, సరిగ్గా ఎప్పుడూ వచ్చినట్టే. కాలు తీసి రెండో గంట కొట్టాను.

లేచాయండీ. రెండూ కలిసి, ఒక్క చప్పుడు లేకుండా. పళ్ళు విడిపోయి నడుమ ఆకాశం కనబడింది, కింద నీళ్ళు కనబడ్డాయి. జనం ఒక్కసారి గోల చేశారు. షికారు పడవ వాడు వెళ్తూ వెళ్తూ హారను మోగించి ఆపడం మరిచిపోయాడు. దించేటప్పుడు మళ్ళీ రెండు గంటలు. పళ్ళు సందుల్లో చక్కగా కూర్చున్నాయి, ఒక్కటి వంగలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఎంత సంతోషమేసిందో రాయడం నాకు చేతకాదు.

మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి లేపించారు. అప్పుడు తమ్ముడి పిడి ఇంకొకరు పట్టుకున్నారు. వాడు మెట్లెక్కి పరుగెత్తి పైకి వచ్చాడు. రెక్కలు లేస్తుంటే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "అక్కా, ఇది ఇలా ఉంటుందా?" అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. మీరిద్దరూ ఎప్పుడూ కిందే కదా, పిడి వదిలి పైకి రాలేరు కదా. ముప్పై ఒక్క ఏళ్ళు రోజుకి రెండుసార్లు లేపారు గానీ ఒక్కసారైనా చూడలేదు. నేను ప్రతిరోజూ చూశాను. ఇన్ని రోజులూ నాకు దక్కనిదాని గురించే అలిగాను, మీకు దక్కనిది నాకు తట్టనే లేదు.

వెల్డింగు మేస్త్రీ ఊరికే వెళ్ళడం ఇష్టం లేక గేటు గడియ వదులైతే అతికించి వెళ్ళాడు. ఇంజనీరమ్మాయి విధానం కొత్తగా రాసింది. మొదటి వాక్యం: "ముందు గేటు మనిషి తన కాలి కింద చూసుకోవాలి." ఆఫీసు పుస్తకాల్లో ఆ ఉద్యోగం ముప్పై ఒక్క ఏళ్ళూ 'ఖాళీ' అనే ఉందట. ఈ నెల నుంచి ఖాళీ కాదు. ఆదివారం ఆదివారం రెక్కలు లేపుతారు, నేనుంటాను, ఇద్దరు పిల్లలకి నేర్పాలి. ఒక అమ్మాయికి పాదం తెలివైనది, మొదటి రోజే దగ్గరి వణుకు పట్టేసింది.

మీ కట్టు ఇరవై రెండున విప్పుతారుగా. విప్పగానే బస్సెక్కండి, అమ్మాయిని తోడు తెచ్చుకోండి. పడమటి గది మెట్లు దిగొద్దు, పిడి ముట్టుకోవద్దు, ఆ పనికి మనిషి ఉన్నాడు. గేటు పక్కన మీకు కుర్చీ వేయిస్తాను. గంట నేను కొడతాను. మీరు కూర్చుని చూద్దురుగాని.

మీ గేటు మనిషి